దానియేలు గారి తప్పుల పుస్తకం

మంగళవారం పొద్దున పాపకు క్యారేజీ కడుతుంటే ఫోన్ మోగింది. దానియేలు గారి భార్య గ్రేసమ్మ టీచరుగారు. "రెహానా, సార్ పోయారమ్మా" అన్నారు. నా చేతిలో గరిటె ఉంది. పాప జడ వేయమని కొంగు లాగుతోంది. ఆవిడే మళ్ళీ అన్నారు: "నిద్రలోనే తల్లీ. కాఫీ పెట్టి లేపబోతే లేవలా."

ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ రాయాలి. ఆ క్షణంలో నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. వచ్చే సోమవారం పంపవలసిన ఫైలు ఇంకా చదవలేదు. ఇకమీదట నాతో కూర్చుని ఎవరు చదువుతారు? దుఃఖం తరవాత వచ్చింది, బస్సులో నల్లపాడు వెళ్తుండగా. భయం మాత్రం ఇప్పటికీ పోలేదు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళం కలిసి తెస్తున్న ఈ చిన్న పుస్తకం కోసం పాప పడుకున్నాక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

దానియేలు గారు దర్శి పక్క పల్లెలో, మిరప చేలల్లో కూలికి వెళ్ళే దంపతులకు పుట్టారు. హాస్టళ్ళలో ఉండి చదువుకున్నారు. దూరాన ఒక సర్వే కార్యాలయంలో సముద్ర పటాలు గీసే ఉద్యోగంలో జీవితమంతా గడిపి, రిటైరయ్యాక భార్యతో నల్లపాడు వచ్చి స్థిరపడ్డారు. ఊరికే కూర్చోలేక గుంటూరులోని మా చిన్న ఆఫీసులో చేరారు. చుట్టుపక్కల ఆయన్ను చాలామంది చర్చి పెద్దగా ఎరుగుదురు. ఆయన చేసే పని ఏమిటో ఎరిగినవాళ్ళు తక్కువ.

ఆ పని ఇది. రెండు దేశాలు సముద్రాన్ని పంచుకున్నప్పుడు, వాటి మధ్య గీత ఎక్కడెక్కడ మలుపు తిరుగుతుందో ఒప్పంద పత్రంలో అంకెలుగా రాసుకుంటాయి. నీళ్ళ మీద గట్టు వేయలేరు, రాయి పాతలేరు. ఉండేవల్లా ఆ అంకెలే. వాటిని కంప్యూటరులోకి ఎక్కించి, పడవల్లోని పరికరాలు చదువుకోగలిగే పటంగా మార్చి ఇవ్వాలి. రెండేళ్ళుగా మేము ఒక చిన్న ద్వీపదేశం సముద్రాన్ని అలా ఎక్కిస్తున్నాం. ఆ దేశం పేరు బయట చెప్పకూడదని కాగితం మీద సంతకం చేశాం. మాలో ఎవరమూ దాన్ని చూడలేదు. మా ఆఫీసు కింద మిరపకాయల కొట్టు. కిటికీ తెరిస్తే కనపడేది టిక్కీలు, అంటే మిరప బస్తాలు, దించే లారీలు.

ఇందులో ఒక చిక్కు ఉంది. అది చెప్పకపోతే ఆయన గొప్పతనం చెప్పలేను. పాత పటాలు భూమి ఆకారాన్ని ఒక లెక్కలో కొలిచాయి, ఇప్పటి ఉపగ్రహాల లెక్క వేరు. అందువల్ల ఒప్పందంలోని అంకెను ఉన్నదున్నట్టు నేటి పరికరంలో పెడితే అది కొన్ని వందల మీటర్ల అవతలి చోటును చూపిస్తుంది. పాత అంకెను కొత్త లెక్కలోకి జరపాలి. ఒకసారి జరపాలి, ఒక్కసారే జరపాలి. జరపకపోయినా తప్పే, రెండుసార్లు జరిపినా తప్పే.

నన్ను పనిలోకి తీసుకున్న రోజు ఆయన సర్టిఫికెట్లు చూడలేదు.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"సత్తెనపల్లిలో పరుపులు కుడతారు సార్."

"దూది సమంగా పరిచాడో లేదో ఎట్టా తెలుస్తుంది ఆయనకి?"

"కుట్టేముందు అరచెయ్యి పెట్టి మొత్తం తడుముతారు సార్. గడ్డ ఉంటే తగులుతుంది."

"కళ్ళతో చూడడా?"

"చూస్తే కనపడదండీ."

ఆయన నవ్వారు. "సగం పని ముందే వచ్చు నీకు. రేపట్నించి రా" అన్నారు. మిగతా సగం ఏమిటని అడిగాను. "భయం" అన్నారు. అది నాకు కావలసినంత ఉంది. ఇంటికి తాళం వేసి, గ్యాసు కట్టేశానో లేదో చూడటానికి సందు చివర నుంచి వెనక్కి వచ్చే మనిషిని. పాప నిద్రలో కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, మా ఆయన విసుక్కుంటాడు. నా భయం ఎవరికైనా పనికొస్తుందని చెప్పిన మొదటి మనిషి దానియేలు గారు.

ఆయన పద్ధతి ఒకటుంది. ఏ ఫైలూ ఇద్దరు చదవకుండా ఆఫీసు దాటకూడదు. ఒకరు ఒప్పంద పత్రం చేతిలో పట్టుకుని అంకెలను ఒక్కొక్కటిగా బిగ్గరగా చదవాలి. రెండోవాళ్ళు కంప్యూటరులో, జరపకముందు ఎక్కించిన అంకెను చూస్తూ, సరిపోతే "ఉంది" అనాలి. చర్చిలో కీర్తన సగం అయ్యగారు చదివితే మిగతా సగం జనం చదివినట్టు ఉండేది. మూలపత్రం నుంచే చదవాలి, ఎవరో ఎక్కించిన ఇంకో ఫైలు నుంచి కాదు. అంకె మధ్యలో ఎవరు తుమ్మినా, దగ్గినా ఆ అంకె మళ్ళీ మొదటి నుంచి. కింద మిరపకాయల సీజను మొదలైతే మా పని రెండింతలయ్యేది. ముక్కుకు తడి రుమాలు కట్టుకుని ఆయన చదివేవారు. నేను కళ్ళు తుడుచుకుంటూ "ఉంది, ఉంది" అనేదాన్ని. ఒకసారి ఒకే అంకెకు నేను ఆరుసార్లు తుమ్మాను.

"అమ్మాయ్, ఆ దేశం వాళ్ళకి తెలుసంటావా, వాళ్ళ సముద్రం మన మిరపకాయల మీద ఆధారపడి ఉందని?" అన్నారు రుమాలు పిండుకుంటూ.

కంప్యూటరే రెండు ఫైళ్ళను పోల్చి తేడా చెబుతుంది కదా, ఈ చాదస్తమెందుకని మా మేనేజరు చాలాసార్లు అన్నారు. దానియేలు గారి జవాబు ఎప్పుడూ ఒకటే: "రెండు ఫైళ్ళూ ఒకే తప్పు చేస్తే అది తేడా లేదంటుందండీ. నిజమే చెబుతుంది పాపం."

నేను చేరిన మొదటి ఏడాది ఒక తప్పు చేశాను. సార్ అప్పటికే కొత్త లెక్కలోకి జరిపి పెట్టిన పన్నెండు మలుపు బిందువులను పాతవనుకుని ఎక్కించి మళ్ళీ జరిపాను. గీత చూడటానికి నున్నగా, అందంగానే ఉంది. చదివేటప్పుడు మొదటి బిందువు దగ్గరే బయటపడింది. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన బీరువాలోంచి ఎర్ర అట్ట వేసిన పొడుగాటి పుస్తకం తీశారు. అదే తప్పుల పుస్తకం. ఎవరు చేశారు, చెయ్యి ఎక్కడ జారింది, ఎలా దొరికింది, ఈ మూడూ రాయాలి. నేను "నా నిర్లక్ష్యం వల్ల" అని మొదలుపెట్టాను. ఆయన ఆ మాట కొట్టేశారు.

"నిర్లక్ష్యం అంటే ఏం తెలుస్తుందమ్మా రేపు చదివేవాడికి? చెయ్యి ఎక్కడ జారిందో రాయి."

ఆ పుస్తకంలో మొదటి తప్పు ఆయనదే. ఆయన చేతిరాతతోనే ఉంది.

ఒక తప్పు మాత్రం ఆ పుస్తకంలోకి ఎక్కలేదు. అది ఇక్కడ రాస్తాను. పాపకు రెండున్నరేళ్ళప్పుడు చూసుకునేవాళ్ళు లేక ఆఫీసుకు తీసుకువెళ్ళాను. సార్ ముచ్చటపడి సుద్దముక్కతో నేల మీద గుండ్రంగా గీత గీసి, "ఇది నీ దేశం. దాటి బయటికొస్తే పోలీసోళ్ళు పట్టుకుపోతారు" అని పాపను మధ్యలో కూర్చోబెట్టారు. పాప నవ్వింది. మేము చదువులో పడ్డాం. ఎంతసేపైందో తెలియదు. వెక్కిళ్ళు వినపడి చూస్తే, పాప గీతకు అంగుళం ఇవతల మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. గౌను తడిసిపోయింది. బాత్రూముకు వెళ్ళాలంటే గీత దాటాలి. దాటడానికి భయపడి అక్కడే పోసుకుంది. గట్టిగా ఏడవడానికి కూడా భయపడింది.

నేను పరిగెత్తేలోపే ఆయన వెళ్ళి పాపను ఎత్తుకున్నారు. తడి చొక్కాకు అంటుతున్నా దించలేదు. నేను గుడ్డ తేబోతే వద్దని, తనే మోకాళ్ళ మీద కూర్చుని నేల తుడిచారు. సుద్దగీత మొత్తం పోయేదాకా తుడిచారు. ఆ రోజు మళ్ళీ పని సాగలేదు. గుడ్డ పిండి ఆరేస్తూ అన్నారు: "గీత గీసి మర్చిపోయాను చూడమ్మా. గీసినోడు మర్చిపోతాడు. లోపలున్నోళ్ళకి అదే లోకం."

అప్పుడే వాళ్ళ నాన్న సంగతి చెప్పారు. నాకు ఒక్కసారే చెప్పారు. ఊళ్ళో ఇద్దరు రైతులకు మిరప చేల మధ్య హద్దు తగాదా ఉండేదట. ఒకాయన తెల్లారకముందే హద్దురాయి నాలుగు సాళ్ళు అవతలికి జరిపి, పొద్దున కూలివాళ్ళను కలుపుకు దింపాడు. రెండో రైతు మనుషులు వచ్చి, రాయి పక్క సాల్లో ఉన్న దానియేలు గారి నాన్నను పట్టుకుపోయి సాయంత్రం దాకా గొడ్లకొట్టంలో కూర్చోబెట్టారు. కొట్టలేదు. కూర్చోబెట్టారంతే, వచ్చేపోయేవాళ్ళు చూసేట్టు. ఆయన ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఏ చేలోకి దిగాలన్నా ముందు గట్టు మీద నిలబడి, "ఇది ఎవరిదండీ?" అని రెండుసార్లు అడిగేవాడట.

"రాయి జరిపినోడికి ఏం కాలేదమ్మా. కలుపు తీసినోడు కూర్చున్నాడు" అన్నారు సార్.

అప్పటినుంచి నేను అంకెలు చదివేటప్పుడు అంకెలు కనపడటం మానేశాయి. ఎక్కడో ఆ ద్వీపంలో, నా ఈడు ఆడమనిషి ఒకతె నాకు కనపడుతుంది. చంకలో బిడ్డ ఉంటుంది. పడవ ఇంకా రాలేదని ఒడ్డున నిలబడి ఉంటుంది. ఆమె మగడు పరికరంలో గీత చూసుకుని, ఇవతలే ఉన్నాననుకుని వల వేసి ఉంటాడు. ఆ గీత నేను ఎక్కించింది.

ఈ చివరి నెల దానియేలు గారు ఆఫీసుకు రాలేదు. కళ్ళకు పొర వచ్చింది. ఆపరేషను చేయించుకోండి సార్ అంటే, "ఈ ఫైలు వెళ్ళాక" అనేవారు. ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకుని, అంకెలు ఇంత లావున కనపడేట్టు పెంచుకుని, నలభై ఒక్క బిందువులూ తనే ఎక్కించారు. పూర్తయ్యాక నాకు రెండుసార్లు ఫోన్ చేశారు. "ఎప్పుడొస్తావమ్మా, చదువుదాం?" మొదటిసారి పాపకు జ్వరం. రెండోసారి జ్వరం తగ్గింది కానీ, మళ్ళీ వస్తుందేమోనని నేను కదల్లేదు. "మంగళవారం తప్పకుండా వస్తాను సార్" అన్నాను. మంగళవారం వెళ్ళాను.

బుధవారం సమాధుల తోటలో మట్టి వేశాం. శుక్రవారం సాయంత్రం ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. అందరూ ఆయన గురించి మంచి మాటలు చెప్పారు. "దానియేలు గారి చేతి నుంచి ఒక్క తప్పు జారలేదు" అని ఒక పెద్దాయన అంటే అందరూ తలలూపారు. నా సంచిలో, ఆయన ల్యాప్‌టాప్‌లోంచి తీసుకున్న, ఇంకా చదవని ఫైలు ఉంది.

శనివారం మేనేజరుతో చెప్పాను.

"సార్ చేసిన ఫైలుని మీరు చెక్ చేస్తారా రెహానా గారూ?" అన్నారాయన.

"చెక్ కాదండీ, చదవాలి. చదవలేదు."

"కంప్యూటర్లో కంపేర్ కొట్టండి. రెండు నిమిషాలు."

"కొట్టానండీ. తేడా లేదంది."

"మరింకేంటి?"

"ఫైలూ, దాని నకలూ రెండూ సార్ ఎక్కించినవేనండీ. కాగితంతో ఎవరూ చూడలేదు."

"సోమవారం పదింటికి వెళ్ళిపోవాలి. ఆయన పోయినందుకు నాకూ బాధగానే ఉంది. కానీ మీ భయాలకి నేను లీవు ఇవ్వలేను."

ఆయనా చెడ్డవాడు కాదు. గడువు ఆయన మెడ మీద ఉంది. మిగతావాళ్ళు వేరే పనుల్లో ఉన్నారు. ఆదివారం రమ్మంటే ఎవరూ ఒప్పుకోలేదు. ఎవరికీ చెప్పకుండా ఆఫీసులోని ఒప్పంద పత్రం మంచి ప్రతిని తీసుకుని, ఆదివారం మధ్యాహ్నం పాపతో నల్లపాడు వెళ్ళాను. గ్రేసమ్మ టీచరుగారు అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. తెల్లచీర మార్చలేదు. ఆవిడను ఎలా అడగాలో నాకు తెలియలేదు. భర్త పోయి వారం కాలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాను.

"చదవలేదు కదూ?" అన్నారు ఆవిడే. "పక్కమీద పడుకుని కూడా అదే గోల ఆయనకి. నేను చదువుతానయ్యా అంటే, నీకెందుకులే, అమ్మాయొస్తుంది అనేవాడు. పట్టు ఆ కాగితం. నా కళ్ళద్దాలు ఆ కిటికీలో ఉన్నయ్, తే. ఇంతమంది పిల్లలకి ఎక్కాలు చెప్పినదాన్ని, అంకెలు చదవలేనా?"

చదవడం మొదలుపెట్టాం. ఆవిడ గొంతు బడిలో మోగినట్టే మోగింది. నేను ఆయన కుర్చీలో కూర్చోలేక కింద చాప మీద ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. ఒక్కొక్క బిందువూ, "ఉంది." రైలు వస్తే ఆగేవాళ్ళం, వెళ్ళాక ఆ అంకె మళ్ళీ మొదటి నుంచి. పది దాటాయి. పదిహేను దాటాయి. నా భుజాలు కాస్త తేలికయ్యాయి. ఆయన చేసిన ఫైలు కదా అనుకున్నాను. పందొమ్మిదో బిందువు చదివారు ఆవిడ. నేను "ఉంది" అనలేదు.

"ఏమ్మా, రైలు కూడా లేదే. ఏం ఆగావ్?"

"మళ్ళీ చదవండి టీచరుగారూ."

మళ్ళీ చదివారు. మూడోసారి కూడా చదివారు. కాగితంలో ఉన్నది వేరు, ఫైలులో ఉన్నది వేరు.

ఆయన బల్ల మీద ఆయన వాడిన జిరాక్సు దొరికింది. పందొమ్మిదో వరుస సరిగ్గా మడత మీద ఉంది. అంకెలు అరిగిపోయాయి. పక్కన పెన్సిలుతో "కొత్త పటం నుంచి" అని ఆయన రాత. కనపడని అంకెను ఇటీవలి పటంలోంచి తీసుకున్నారు. అది అప్పటికే కొత్త లెక్కలో ఉన్న అంకె. దాన్ని పాత అంకెల వరుసలో ఎక్కించారు. యంత్రం దాన్ని అన్నింటితో పాటు ఇంకోసారి జరిపింది. నా మొదటి ఏడాది తప్పే. నలభై ఒక్క బిందువుల్లో ఒక్కటి. అక్కడ గీత అవతలి దేశంలోకి పొడుచుకుపోయింది.

నేను ఏడ్చాను. తప్పు దొరికినందుకు కాదు. నాకు జ్వరభయం లేకపోయి ఉంటే ఆయన దగ్గరే కూర్చుని ఇది దొరికించుకునేవాళ్ళం. ఆయన గట్టిగా నవ్వి ఉండేవారు.

"టీచరుగారూ, నేను సరిచేసి పంపేస్తాను. ఎవరికీ తెలియక్కర్లేదు. మొన్న అందరూ ఆయన గురించి అంతలా అన్నారు."

ఆవిడ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. "ఇది ఇట్టాగే పోయుంటే యాడో ఎవడో కలుపు తీసినోడు కూర్చునేవాడు కదమ్మా" అన్నారు. కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఎర్రట్ట పుస్తకం పోయిన నెలే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ అలమార్లో ఉంది. తే, రాయి" అన్నారు.

రాశాను. ఎవరు చేశారు: దానియేలు గారు. చెయ్యి ఎక్కడ జారింది: జిరాక్సు మడత దగ్గర అంకె కనపడలేదు, కొత్త పటంలోని అంకె పాత వరుసలో ఎక్కింది, కలిసి చదవడానికి రావలసిన మనిషి రెండుసార్లు పిలిచినా రాలేదు. ఎలా దొరికింది: చదివితే.

ఆవిడ పుస్తకం అందుకుని మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"ఈ రాలేదన్న ముక్క ఉంచుతావా?"

"ఉంచుతానండీ."

"సరే. ఇంకోటి కొట్టెయ్."

"ఏదండీ?"

"గారు. ఇందులో ఎవరికీ గారు లేదు చూడు. మొదటి పేజీలో తనకీ పెట్టుకోలా, నీకూ పెట్టలా. ఇప్పుడు పెడితే ఊరుకోడు."

మిగిలిన బిందువులు చీకటి పడకముందే చదివాం. అన్నీ ఉన్నాయి. సోమవారం పొద్దున పదింటికి ఫైలు వెళ్ళింది. మేనేజరుకు పందొమ్మిదో బిందువు సంగతి చెప్పి పుస్తకం ముందు పెట్టాను. ఆయన ఆ పేజీ చివరిదాకా చదివి, పుస్తకాన్ని బీరువాలో దాని చోట పెట్టేశారు. ఇవాళ కింద కొట్లోకి కొత్తపంట దిగింది. నాకు తుమ్ములు మొదలయ్యాయి. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది.

అయ్యా, మీరు గీసిన గీతల మీద మనుషులు నడవరు, ఇళ్ళు కట్టరు. వాటి పక్కన క్షేమంగా వలలు వేసుకుని ఇళ్ళకు వెళ్ళేవాళ్ళకు మీ పేరు ఎన్నటికీ తెలియదు. మీలాగా భయపడటం తెలిసిన మనిషి మళ్ళీ మా మధ్యకు వస్తారని నాకు నమ్మకం లేదు. ఈ వ్యాసమంతా మిమ్మల్ని గారు అనే రాశాను. ఆ ఎర్రట్ట పుస్తకంలో మాత్రం, టీచరుగారు చూస్తుండగా ఆ మాట మీద అడ్డంగా ఒక గీత గీశాను. మీకు నేను పెట్టగలిగిన పెద్ద దండం అదే సార్.